సర్వపిండి బొక్కల నుంచి అచ్చు పుస్తకం దాకా: ఇల్లు నడుపుకుంటూ పిల్లల కోసం మొదటి పుస్తకం తేవడం ఎలా

పిల్లల కోసం ఒక కథ రాసి దాన్ని పుస్తకంగా చూసుకోవాలనుకునే తల్లులు హనుమకొండ, కాజీపేట, వరంగల్‌లలో నాకు తరచుగా కలుస్తుంటారు. వాళ్లు మొదట అడిగేది కథ గురించి కాదు, "ఇంటి పనిల నీకు టైం ఎట్ల దొరికింది?" అనే. నా మొదటి పుస్తకం పదహారు పేజీల బొమ్మల పుస్తకం. కథ తట్టిన రోజు నుంచి అచ్చయిన ప్రతి చేతికొచ్చే దాకా రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. అందులో కూర్చుని కథ రాసిన గంటలన్నీ కూడితే నలభై దాటవు. మిగిలిన కాలమంతా కథను తగ్గించడానికి, పంపి ఎదురుచూడడానికి, ఒప్పంద పత్రం అర్థం చేసుకోవడానికి, ప్రూఫులు (అచ్చుకు ముందు తప్పులు చూడడానికి పంపే పేజీలు) దిద్దడానికి పోయింది. కాబట్టి ఈ దారిలోకి వచ్చేవారు మొదట చేయవలసిన పని రోజుకు ఎన్ని గంటలు మిగులుతాయో లెక్కవేసుకోవడం కాదు, ఏ రకం పనికి ఏ రకం సమయం సరిపోతుందో తెలుసుకోవడం.

ఇంట్లో మనకు దొరికే సమయం మూడు రకాలుగా ఉంటుంది. చేతులు పనిలో ఉండి మనసు ఖాళీగా ఉండేది మొదటిది: బియ్యం ఏరేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, బడి ఆటో కోసం సందు చివర నిలబడేటప్పుడు దొరికేది. పిల్లల కథ పుట్టడానికి దీన్ని మించిన సమయం లేదని నా నమ్మకం, ఎందుకంటే చిన్న పిల్లల కథ మొత్తం నోట్లో పట్టేంతే ఉంటుంది. కాగితం లేకుండానే దాన్ని పది సార్లు తిప్పి చెప్పుకోవచ్చు. తట్టిన వాక్యాన్ని ఫోనులో గొంతుతో రికార్డు చేసి పెట్టుకుంటే చాలు. రెండోది అరగంట, ముప్పావు గంట ఉండే ముక్క. మా ఇంట్లో అది పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా దొరికేది. రాసిన దాన్ని సాపు చేయడానికి, ఒక పేజీని మూడు రకాలుగా రాసి చూడడానికి అది సరిపోతుంది. మూడోది ఎవరూ పిలవని రెండు మూడు గంటలు. ప్రచురణకర్తకు ఉత్తరం రాయడానికి, ఒప్పందం చదవడానికి, ప్రూఫు చూడడానికి అదే కావాలి. ఈ పనులను మొదటి రెండు రకాల సమయంలో చేయాలని చూస్తే తప్పులు వస్తాయి, నాకు వచ్చాయి.

ఈ మూడో రకం సమయం దానంతట అది దొరకదు, నోరు తెరిచి అడగాలి. నేను మొదటి ఏడాది అడగలేదు. అందరూ పడుకున్నాక దొంగతనంగా పని చేసి, మరునాడు పిల్లల మీద విసుక్కునేదాన్ని. ఒకసారి అత్తమ్మే, "రాత్రి దాకా ఏం రాస్తవు బిడ్డా, కండ్లు గుంజుకపోయినయి" అని అడిగింది. అప్పుడు చెప్పాను: నెలలో రెండు ఆదివారాలు పొద్దున మూడు గంటలు నాకు కావాలని. కాజీపేట రైల్వేలో షిఫ్టు ఉద్యోగం చేసే మా ఆయన డ్యూటీ పట్టిక వచ్చిన రోజే క్యాలెండరులో ఆ రెండు ఆదివారాలకు సున్నా చుట్టడం అలా మొదలైంది. ఇంట్లో మూడు గంటలు కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు కనుక బయటికి వెళ్లడం మేలు. గ్రంథాలయమైనా, స్నేహితురాలి ఇల్లయినా ఫరవాలేదు. 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం పెట్టుకున్న ఊరు మనది. చదువుకోవడానికి ఒక చోటుకు వెళ్లి కూర్చునే అలవాటు ఇక్కడ కొత్తది కాదు.

ఇక కథ సంగతి. ఒక సాయంత్రం అత్తమ్మ సర్వపిండి అద్దుతోంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు వేసి తడిపిన ముద్దను సర్వ అనే గిన్నె లోపలి గోడకు పలుచగా అద్ది, నడుమ నడుమ వేలితో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వేస్తోంది. అప్పుడు అయిదేళ్లున్న మా పాప గడ్డం కింద రెండు చేతులు పెట్టుకుని చూస్తూ, "బాపమ్మా, గిన్ని బొక్కలెందుకే?" అని అడిగింది. "నూనె తాగాలె గద బిడ్డా" అంది అత్తమ్మ. పాప కాసేపు ఊరుకుని, "మరి పిండికి ఎన్ని నోర్లున్నయే?" అంది. నా పుస్తకమంతా ఆ ఒక్క ప్రశ్నే. మీ ఇంట్లో కూడా ఇటువంటి ప్రశ్న వారానికి ఒకటైనా వినిపిస్తుంది. దాన్ని పిల్లలు అన్న మాటల్లోనే రాసి పెట్టుకోండి. మనం సరిదిద్ది రాసుకుంటే అందులోని ప్రాణం పోతుంది.

మొదటి ప్రతిలో నేను చేసిన తప్పు వివరంగా చెప్తాను, ఎందుకంటే తొలిసారి రాసేవారు చాలామంది ఇదే చేస్తారు. తొమ్మిది వందల మాటల కథ రాశాను. అందులో ఒక వాక్యం ఇది: "బాపమ్మ చేతివేళ్లు తెల్లని పిండిపై సుతారంగా నాట్యమాడుతూ అందమైన రంధ్రాలను సృష్టించసాగాయి." రాసిన రాత్రి చాలా తృప్తిగా అనిపించింది. మరునాడు పాపకు చదివి వినిపిస్తే మూడో పేరా దగ్గర మంచినీళ్లకని లేచి వెళ్లి మళ్లీ రాలేదు. ఆ వాక్యం పద్నాలుగు సార్లు మారి చివరికి ఇలా నిలిచింది: "బాపమ్మ వేలు పెట్టింది. బొక్క పడింది. ఇంకోటి. ఇంకోటి." ఇది చదివినప్పుడు పాప నాకంటే ముందే "ఇంకోటి" అనడం మొదలుపెట్టింది. పిల్లలు నోరు కలిపే చోటు దొరికిందంటే ఆ కథకు నడుము దొరికినట్టే. మొత్తం కథ రెండు వందల ముప్పై మాటలకు దిగింది. తీసేసిన మాటల్లో చాలా వరకు బొమ్మ చెప్పగలిగినవే: చీర రంగు, పొయ్యి మంట, కిటికీలోంచి పడే ఎండ. బొమ్మల పుస్తకంలో కళ్లకు కనిపించేది చిత్రకారుని వంతు, చెవికి వినిపించేది మన వంతు.

మా తరం వాళ్లం 1947 జూలైలో మొదలైన 'చందమామ' కథలు చదువుతూ పెరిగాం. పిల్లల కథ అనగానే రాజు, అడవి, చివర నీతి మన చేతికి వాటంతట అవే వచ్చేస్తాయి. అవి స్వయంగా చదువుకోగలిగే పిల్లల కోసం రాసిన కథలు. నాలుగైదేళ్ల పిల్లకు ఒడిలో కూర్చోబెట్టుకుని చదివే పుస్తకానికి ఆ నడక కుదరదు. కాబట్టి రాయడానికి ముందు ఈ పదిహేనేళ్లలో తెలుగులో వచ్చిన బొమ్మల పుస్తకాలు కనీసం ముప్పై చదవండి. కొనలేకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉచితంగా చదవవచ్చు. అక్కడ కథలను నాలుగు స్థాయులుగా విడదీశారు. చదవడం అప్పుడే మొదలుపెట్టిన పిల్లల కోసం ఉన్న మొదటి స్థాయి కథ 250 మాటల లోపే ఉంటుంది.

కథ కుదిరాక డమ్మీ, అంటే పుస్తకం నమూనా చేయాలి. నాలుగు ఏ4 కాగితాలు తీసుకుని, ఒకదాని మీద ఒకటి పెట్టి, మధ్యకు మడిచి, మడత మీద పిన్ను కొడితే పదహారు పేజీల పుస్తకం వస్తుంది. మొదటి పేజీ కథ పేరుకు వదిలేస్తే, 2-3 నుంచి 14-15 దాకా ఎదురెదురుగా ఏడు జంట పేజీలు మిగులుతాయి. వాటిలో పెన్సిలుతో కథ రాయండి, బొమ్మ వచ్చే చోట ఒక గీత గీసి ఏ బొమ్మో రెండు మాటల్లో రాయండి. పుస్తకాలు నాలుగు పేజీల లెక్కనే పెరుగుతాయి కాబట్టి పదిహేడో పేజీ అనేది ఉండదు, కథే సర్దుకోవాలి. డమ్మీ చేతిలో ఉంటే ఇంకొక ముఖ్య సంగతి తెలుస్తుంది. కుడివైపు పేజీ చివర ప్రశ్న ఉండి, పేజీ తిప్పితే జవాబు దొరికితే పిల్లలు ఆగరు. పాప అడిగిన నోళ్ల ప్రశ్న మొదట నా డమ్మీలో ఎడమ పేజీలో పడింది, జవాబు పక్కనే కనిపించేది. ఒక్క వాక్యాన్ని జరిపితే కథ బలం రెట్టింపయింది.

ఆ డమ్మీని మీ పిల్లలకే కాదు, మిమ్మల్ని అమ్మా అని పిలవని పిల్లలకు కూడా చదివి చూడండి. నేను మా వీధి చివర ప్రాథమిక పాఠశాలలో టీచరమ్మ అనుమతితో రెండో తరగతికి చదివాను. "బాగుందా?" అని అడగకండి, పిల్లలు మన ముఖం చూసి బాగుందనే అంటారు. ఎక్కడ కదిలారో, ఎక్కడ పక్కవాణ్ని గిల్లారో గుర్తుపెట్టుకుని ఆ పేజీ మీద చిన్న చుక్క పెట్టుకోండి. రెండు చోట్ల చుక్కలు గుమిగూడితే అక్కడ కథ తెగిందని అర్థం.

భాష గురించి గట్టిగా ఆలోచించి నిర్ణయించుకోవాలి. "బొక్క" అనే మాటను "రంధ్రం" చేయమని నాకు సలహా వచ్చింది. మా దగ్గర బొక్క అంటే ఎముక కూడా కాబట్టి పిల్లలు తికమకపడతారని ఒకరు అన్నారు. పక్కనే బొమ్మలో వేలు, పిండి, బొక్క కనిపిస్తుంటే ఏ పిల్లకూ తికమక ఉండదని నేను ఒప్పుకోలేదు. సర్వపిండిని మన జిల్లాల్లోనే కొందరు గిన్నప్ప అంటారు, ఇంకొందరు తపాలచెక్క అంటారు. అయినా పేరు మార్చలేదు. "అర్ర" అనే మాటను మాత్రం "గది"గా మార్చాను, ఎందుకంటే అక్కడ బొమ్మ సాయం లేదు. బొమ్మ అర్థం చెప్పగలిగిన చోట మన మాటను నిలుపుకోవాలి, చెప్పలేని చోట పట్టు సడలించవచ్చు. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న ప్రాంతంలో, బాపమ్మ నోట "రంధ్రం" పలికించడానికి నాకు మనసొప్పలేదు.

పంపడం దగ్గరికి వస్తే, ముందు ఎవరు ఏ పుస్తకాలు వేస్తున్నారో చూడాలి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం పిల్లల పుస్తకాలే ప్రధానంగా వేస్తుంది. అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి బొమ్మల పుస్తకాలకు పోటీలు కూడా పెట్టింది. 1957లో ఏర్పడిన నేషనల్ బుక్ ట్రస్ట్, 2004లో బెంగళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్, చెన్నైలోని తూలిక తెలుగులోనూ పుస్తకాలు తెస్తాయి. దినపత్రికల పిల్లల పేజీలకు, బాలల పత్రికలకు చిన్న కథలు పంపుతూ ఉండడం కూడా మంచిదే. పేరు అచ్చులో కనిపించడం కంటే, ఒక సంపాదకుడు మన వాక్యాన్ని ఎక్కడ కోశాడో చూసుకోవడం వల్ల లాభం ఎక్కువ. జిల్లాలో ఉన్నామన్న సంకోచం అక్కర్లేదు. సాహిత్య అకాడెమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాన్ని తెలుగులో 2022కు అందుకున్న పత్తిపాక మోహన్ సిరిసిల్ల ప్రాంతం వారే.

ఉత్తరం పది వాక్యాలు మించనివ్వకండి. కథ పేరు, ఏ వయసు వారికి, ఎన్ని మాటలు, ఎన్ని పేజీలు, కథ రెండు వాక్యాల్లో, మీ గురించి రెండు వాక్యాలు, ఫోను నంబరు చాలు. కథను ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లో టైపు చేసి పంపండి. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా వాడే పాత పద్ధతి ఫాంట్లలో చేయిస్తే అవతలి కంప్యూటరులో అక్షరాలు చెదిరిపోవచ్చు. బొమ్మలు వేయించి పంపవలసిన పని లేదు, చిత్రకారులను సాధారణంగా ప్రచురణకర్తే ఎంచుకుంటారు. పోటీ నియమాల్లో బొమ్మలు అడిగితే అది వేరు. ఒకే కథను ఇద్దరికి పంపితే ఆ మాట ఇద్దరికీ ముందే చెప్పండి.

స్టోరీవీవర్‌లో ఎవరైనా తమ కథను స్వయంగా పెట్టుకోవచ్చు కాబట్టి, తొందరపడి అక్కడ పెట్టే ముందు ఒక్క విషయం తెలుసుకోవాలి. అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. మన పేరు చెప్పి ఎవరైనా దాన్ని అనువదించవచ్చు, అచ్చు వేయవచ్చు, అమ్మనూ వచ్చు. కథ ఎక్కువ మంది పిల్లలకు చేరడమే మీ కోరిక అయితే అంతకంటే మంచి చోటు లేదు. అదే కథను రాయల్టీ (అమ్మిన ప్రతుల మీద రచయితకు వచ్చే వాటా) మీద ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే మాత్రం ముందు అక్కడ పెట్టకండి.

జవాబు రావడానికి నాకు అయిదు నెలలు పట్టింది. మూడు నెలలు దాటాక ఒకసారి మర్యాదగా గుర్తుచేయడంలో తప్పు లేదు. ఆ లోపు రెండో కథ మొదలుపెట్టండి, లేకపోతే ప్రతి ఫోను మోతకూ మనసు అటే పోతుంది, ఇంట్లో వాళ్లకు మనం ఉండీ లేనట్టవుతుంది. గడువులు ఒప్పుకునేటప్పుడు ఇంటి క్యాలెండరు ఎదురుగా పెట్టుకోండి. ఎంగిలిపూల నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు, పిల్లల పరీక్షల వారం, మేడారం జాతర రోజులు, వీటిలో ఏ పనీ ఒప్పుకోకండి. ప్రూఫు గడువుకు రెండు రోజుల ముందు మా బాబుకు జ్వరం వస్తే, ఉన్నది ఉన్నట్టు రాసి వారం గడువు అడిగాను. వెంటనే ఇచ్చారు. పిల్లల పుస్తకాలు వేసేవారికి పిల్లల జ్వరాలు తెలుసు.

ఒప్పందం దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. నాకు మొదట వచ్చిన ఒప్పందం ఇప్పుడు నా పుస్తకం వేసినవారిది కాదు. అందులో నేను మూడు వందల ప్రతులు కొనాలని, కథ మీద అన్ని హక్కులూ శాశ్వతంగా వారివేనని ఉంది. మొదటి పుస్తకం కదా అని సంతకం పెట్టబోయాను. మా ఆయన "ఆదివారం దాకా ఆగు, నువ్వు కూసొని సదువుకో" అన్నాడు. ఆ మూడు గంటలే నన్ను కాపాడాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కథ రాసినప్పటి నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆ హక్కు జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా చట్టం లెక్కిస్తుంది. కాబట్టి ఏ భాషకు, ఎన్నేళ్లకు, ఏ రూపానికి ఇస్తున్నారో విడివిడిగా చూసుకోండి. అనువాదం, ఆడియో, పాఠ్యపుస్తకంలో చేర్చడం వంటివి అడగకుండా వదిలేయకండి. రాయల్టీ ఎంత, లెక్క ఎప్పుడు చెప్తారు, రచయితకు ఉచిత ప్రతులు ఎన్ని అన్నవి రాతలో ఉండాలి. డబ్బు గురించి ఇంట్లో నిజం చెప్పండి. 60 రూపాయల పుస్తకానికి పది శాతం అంటే ఆరు రూపాయలు, వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే ఆరు వేలు, చిత్రకారునితో సమానంగా పంచుకుంటే మూడు వేలు.

ప్రూఫును తెర మీద చూసి సరేననకండి, కాగితం మీద అచ్చు తీయించి వేలు పెట్టి అక్షరం అక్షరం చదవండి. నా మొదటి ప్రూఫులో ముఖచిత్రం మీద "సర్వపిండి"లో వ ఒత్తు విడిపోయి "సర్‌వపిండి" అని వచ్చింది. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు ఇలా తెగిపోతుంటాయి. ఫోనులో చూసినప్పుడు నాకు కనిపించనిది, కాగితం మీద మూడో తరగతి చదివే మా బాబుకు కనిపించింది. ఒకసారి అక్షరాల కోసం, ఒకసారి మాటకూ బొమ్మకూ పొంతన కోసం, ఒకసారి పేజీ అంకెల కోసం విడిగా చదవండి. అన్నీ ఒకేసారి చూడాలనుకుంటే ఏదీ కనిపించదు.

సొంతంగా అచ్చు వేయించుకునేవారికి రెండు మాటలు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఉచితంగా ఇస్తుంది. దానికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మకండి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన ముప్పై రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీలలోని నిర్ణీత గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. రంగుల బొమ్మల పుస్తకమైతే మొదటిసారి అయిదు వందల ప్రతులు మించి వేయించకండి. మిగిలిన కట్టలు మంచం కింద పేరుకుంటే ఇంట్లో రోజూ అదే మాట వస్తుంది.

రచయిత ప్రతులు చేతికొచ్చాక అన్నీ పంచేయకండి. డమ్మీ విన్న రెండో తరగతికి రెండు, గ్రంథాలయానికి ఒకటి, అత్తమ్మ చూపించుకోవడానికి ఒకటి ఇచ్చి, ఒక ప్రతి మీద "తప్పుల ప్రతి" అని రాసి బీరువాలో పెట్టుకోండి. ఎవరు ఏ తప్పు చూపినా ఎర్ర పెన్నుతో అందులో గుర్తుపెట్టి, రెండో ముద్రణకు వెళ్లే ముందు ప్రచురణకర్తకు ఆ పేజీల ఫొటోలు పంపాలి. నా దాంట్లో ఇప్పటికి మూడు ఎర్ర గుర్తులున్నాయి. మూడోది మా పాప పెట్టించింది: పదకొండో పేజీలో వాక్యం ఆరు నోళ్లంటోంది, బొమ్మలో ఏడు బొక్కలున్నాయి.